హార్మోను లేని ప్లేటు

"ఈ ప్లేటులో హార్మోను కలిపిందెవరు?"

మేడం అరుపుకి ల్యాబు దద్దరిల్లింది. ఆ ల్యాబుకి పెద్ద ఆవిడే. కోపమొస్తే ముందూ వెనకా చూడదు. మైక్రోస్కోపు పక్కన నిలబడ్డ అసిస్టెంటు బిక్కచచ్చిపోయింది.

ప్లేటులో ఉన్నవి మేడం చెల్లెలి రొమ్ము గడ్డలోంచి తీసిన క్యాన్సర్ కణాలు. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తగిలితే చాలు, అలాంటి కణం తన పైపొరలోని కొవ్వుల్ని మార్చేసుకుంటుంది. ఆ తర్వాత దానికి పట్టపగ్గాలుండవు, పెరుగుతూనే పోతుంది. హార్మోను అందకపోతే చల్లబడాలి. చల్లబడితే చెల్లెలికి హార్మోనుని అడ్డుకునే మాత్ర రోజూ ఒకటి చాలు. అందకపోయినా పెరిగితే మాత్రం మాత్ర దండగ, ఒళ్ళు గుల్ల చేసే మందులు ఎక్కించాల్సిందే. డాక్టరు ఈ ఫలితం కోసమే ఆగాడు.

మేడం తన చేత్తో హార్మోను లేకుండా పెట్టిన ఈ ప్లేటులో కణాలు ఎగబడి పెరుగుతున్నాయి. పొరలో కొవ్వులూ మారిపోయాయి.

"మీరు సెలవులో ఉన్నప్పుడు నేను పెట్టిన ప్లేటులో ఆగాయి మేడం."

"అంటే? నాకు చేతకాదంటావా?"

"అది కాదు..."

"నోర్ముయ్! ఆడలేక మద్దెల ఓడందట వెనకటికి నీలాంటిదే. కణాల్ని సగం చంపి పెట్టుంటావు, ఆగక ఏం చేస్తాయి? అవతల ఉన్నది నా చెల్లెలే!"

అసిస్టెంటుకీ ఒళ్ళు మండింది. "మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మీ ప్రయోగం మీరే చేసుకోండి!"

కోటు విప్పి కుర్చీలోకి విసిరేసి, విసవిసా వెళ్ళిపోయింది.

"పో! పీడా పోయింది!"

ఇంతలో ఫోను మోగింది. చెల్లెలు.

"అక్కా, మాత్రతో సరిపోతుందా? పిల్లది నా జడ పట్టుకుని ఆడుకుంటుంటే భయమేస్తోందే."

మేడంకి ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. "ఇంకొక్కసారి చూస్తానే. ఈసారి ఏ దరిద్రపు చెయ్యీ పడనివ్వను. ఇదీ పెరిగిందంటే ఆ మందులే మొదలెట్టమని డాక్టరుకి చెప్పేస్తా."

ఫోను పెట్టేసి, తలుపు గడియ వేసింది.

ముట్లుడిగాక వచ్చే వేడి ఆవిర్లకని ఏడాదిగా వాడుతున్న హార్మోను జెల్లు బ్యాగులోంచి తీసి, రోజూలాగే మోచేతుల దాకా పట్టించి, అవే చేతులతో తొడుగులు లాక్కుని, కొత్త ప్లేటు మూత తీసింది.