అరవై ఒక్క ఇళ్ళకు ఒకటే నంబరు

"ఆ అరవై ఒక్కటీ తీసేద్దాం సార్. సైటు అయిదు నిమిషాల్లో లేచి కూర్చుంటుంది," అన్నాడు దేవేంద్ర.

విజయవాడ ఆఫీసులో మధ్యాహ్నం మూడయింది. చేనేత కుటుంబాలకు సాయం అందించడానికి పెట్టిన ప్రభుత్వ వెబ్‌సైటు మూడు రోజులుగా కదలడం లేదు. దరఖాస్తుకు గడువు ఈ సాయంత్రం అయిదింటి వరకే. ఒకే ఫోన్ నంబరుతో వచ్చిన అరవై ఒక్క దరఖాస్తులు వరసలో ఇరుక్కుని, వెనకవాటికి దారి ఇవ్వడం లేదని ఇప్పుడే తేలింది.

"ఎవడో బ్రోకరండీ. అన్నీ దొంగ పేర్లే అయ్యుంటాయి." ప్రోగ్రాం రాసింది దేవేంద్రే.

"బ్రోకరైతే అరవై ఒక్క సిమ్ములు కొనుక్కుంటాడు," అంది జ్యోతిర్మయి. సైటును పరీక్షించే పని ఆమెది. "ఒక్క నంబరే రాశారంటే వాళ్ళు నిజం మనుషులు."

అధికారి రామకోటేశ్వరరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎలా చెబుతున్నావమ్మా? పేరూ ఊరూ నంబరూ బయటపడకుండా మీకు తెర మీద చుక్కలుగానే కదా కనపడేది."

"నేను పుట్టింది మగ్గాల వీధిలో సార్. వీధి మొత్తానికీ నూలు డిపో రాంబాబు మామయ్య ఫోనే దిక్కు. గ్యాసుకైనా రేషనుకైనా అందరం ఆ నంబరే రాసేవాళ్ళం."

చెబుతుంటే ఆమెకు ఆ వీధి వినపడింది. మెసేజి ఎవరికొస్తే వాళ్ళ గుమ్మంలో నిలబడి, రాంబాబు ఫోను చేయి చాచి దూరంగా పట్టుకుని చదివేవాడు. ఆయన నిలబడిన ఇంట్లో మగ్గం ఆగేది. ఆయన కదలగానే మళ్ళీ మొదలయ్యేది. ఈ పూట గ్యాసు ఎవరింటికి వచ్చిందో పుస్తకంలోంచి తలెత్తకుండా చెప్పగలిగేది ఆమె. ఆ చప్పుడు లేని గదుల్లో పన్నెండేళ్ళుగా నిద్రపోతోంది. రాంబాబు పోయాక ఆ పని ఎవరి మీద పడిందో ఆమె అడగలేదు. అడగలేదని కూడా ఇప్పుడే తెలిసింది.

"సెంటిమెంటుతో సైటు నడవదండీ," అన్నాడు దేవేంద్ర.

"టెస్టింగుతో నడుస్తుంది కదా. ఇన్నాళ్ళూ మనం చేసిన పరీక్షల్లో ప్రతి మనిషికీ ఒక ఫోనుంది. ఫోను లేనివాళ్ళని ఒక్కసారైనా పరీక్షించామా?"

ఆమె అప్పటికప్పుడు పదిమంది నేతగాళ్ళను కల్పించి, పదిమందికీ తన నంబరే ఇచ్చి, పరీక్షల కోసం ఉంచిన సైటులో నింపింది. రెండో పేరు దగ్గరే తెర బిగుసుకుపోయింది.

దేవేంద్ర తెర మీదికి వంగి చూశాడు. "నా రూలే," అన్నాడు. "ఒక నంబరు రెండోసారి రాకూడదని నేనే రాశా." కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

నాలుగున్నరకు రూలు మారింది. జ్యోతిర్మయి పదిమందితో, వందమందితో, ఒకే పేరున్న ఇద్దరితో పరీక్షించింది. తప్పు నొక్కి వెనక్కి వెళ్ళే ముసలావిడలా తనే నటించి చూసింది. ఎక్కడా ఆగలేదు.

రామకోటేశ్వరరావు మాత్రం ఇంకా తటపటాయిస్తున్నారు. "సరే, దరఖాస్తు చేరుతుంది. సోమవారం లోపల పాస్‌బుక్కు పట్టుకుని రమ్మని మెసేజి వెళ్తుంది. రాకపోతే సాయం రద్దు. అరవై ఒక్క మెసేజీలూ ఆ ఒక్క ఫోనుకే పోతే, ఆ మనిషి వీళ్ళందరికీ చెబుతాడంటావా?"

"చెబుతారండీ."

"మొహం కూడా తెలియని మనిషి మీద అంత నమ్మకమేంటమ్మా నీకు?"

"నాకు కాదు సార్. ఆ అరవై ఒక్క ఇళ్ళకీ ఉంది నమ్మకం."

ఆయన తల ఊపి, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

అయిదుకు పది నిమిషాలుండగా జ్యోతిర్మయి బటన్ నొక్కింది. ఇరుక్కున్న వరస కదిలింది. దాని వెనక వేల దరఖాస్తులు ఒకదాన్నొకటి తోసుకుంటూ కదిలాయి.

"కాఫీ చెబుతానుండండి," అన్నాడు దేవేంద్ర మెల్లగా. అది క్షమాపణేనని ఆమెకు అర్థమైంది.

బల్ల మీద ఆమె ఫోను మోగింది. పరీక్షల తాలూకు మెసేజి ఏదో మిగిలిపోయిందనుకుని చూసింది. 'సంపూర్ణమ్మ గారూ, మీ దరఖాస్తు అందింది. సోమవారం లోపల...' తను కల్పించిన పేర్లలో సంపూర్ణమ్మ లేదు. ఆలోచించేలోగా ఇంకొకటి. అమలమ్మ గారూ. ఇంకొకటి. రామలింగం గారూ.

"ఇంకా టెస్టింగేనా?" గుమ్మంలోంచి నవ్వాడు దేవేంద్ర.

ఫోను ఆగకుండా మోగుతూనే ఉంది. పేర్లు ఒకటొకటిగా వస్తున్నాయి, రాంబాబు పోయినప్పుడు పలకరించడానికి వెళ్ళి, 'ఏమన్నా ఉంటే ఫోన్ చెయ్యండి' అని మాటవరసకు తన నంబరిచ్చి వచ్చేసిన ఆ వీధిలో ఇళ్ళున్న వరసలోనే.