కరక్కాయ తగలని గుడ్డ

“నొక్కండి అబ్బాజాన్, ఇంకొంచెం,” అంది కూతురు సఫియా.

బందరు కలంకారీ అద్దకంలో పేరు మోసిన నూరుల్లా చెయ్యి అది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి వణుకుతున్న ఆ చెయ్యి, చెక్క అచ్చును గుడ్డ మీదికి దించింది. పువ్వు ఒక పక్కకు ఒరిగిపోయింది.

“భలే పడింది! రోజూ అద్దిస్తే చెయ్యి తిరిగొస్తుందన్నారుగా డాక్టరుగారు. నిన్నటి గుడ్డ కూడా పెడన షావుకారు తీసుకెళ్లాడు.”

“పాపం, ఆయనకి కళ్లు పోయాయా?”

“అదేం మాటండీ?”

“ఇది కరక్కాయ నీళ్లలో నానని గుడ్డ. నలుపు పట్టదు. సాయంత్రం ఉతికేస్తావు, పొద్దున మళ్లీ ఇదే పరుస్తావు. మొదటిరోజే తెలిసిందమ్మా.”

సఫియా తల దించుకుంది. “మంచి గుడ్డ పాడవుతుందని...”

“పాడవుతుంది. ఈ చెయ్యి ఇక రాదు.”

“తెలిసీ ఎందుకు అద్దుతున్నారు మరి?”

నూరుల్లా ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, అచ్చు మీద పెట్టుకున్నాడు.

“నేను అద్దుతున్నంతసేపే కదమ్మా నువ్వు ఏడవకుండా ఉండేది.”

సఫియా గుడ్డ ముడతలు సరిచేసి, రంగు పళ్లెం ఆయన దగ్గరకు జరిపింది.