నాలుగో పీరియడు

రెండో జడ సగం అయింది.

"మెల్లిగా అమ్మా! అది జుట్టు, కొబ్బరిపీచు కాదు."

"తల తిప్పకు. రిబ్బను జారిపోతంది," అంది ధనలక్ష్మి.

మద్దిలపాలెంలో ఆ ఇంటి ముందుకి ఏడున్నరకి స్కూలు బస్సు వస్తుంది. జడలు ఏడుంపావుకి మొదలవుతాయి. లోకం తలకిందులైనా ఈ రెండూ మారవు.

"అమ్మా, ఆ తాయారు నిన్న నా రికార్డు మీద ఫినాయిల్ నీళ్ళు చిందించేసింది," అంది జ్యోతి.

"ఎవరే ఆ తాయారు?"

"మా ఆయా. నాలుగో పీరియడు కంప్యూటర్ క్లాసుకి వెళ్తామా, మా వెనకాలే బకెట్టు తెచ్చేస్తుంది. బెల్లు కొట్టేదాకా బెంచీల మధ్య తుడుస్తూనే ఉంటుంది. సార్ బయటికి పొమ్మంటే, 'తడి ఆరనీ బాబూ, జారిపడతావు' అంటుంది. క్లాసంతా ఒకటే నవ్వు. ఫినాయిల్ టీచర్ అని పేరెట్టాం."

ధనలక్ష్మికీ నవ్వొచ్చింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఆ సార్ ఇప్పుడు బానే ఉంటన్నాడు కదే?"

"బానే ఉంటున్నాడు. బోర్డు దగ్గర్నుంచి కదలడు."

ధనలక్ష్మి రిబ్బను గట్టిగా ముడేసింది.

జూలైలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఐదుగురు కలిసి ఒక కాగితం రాశారు. మౌస్ పట్టుకోవడం నేర్పిస్తానని కంప్యూటర్ సార్ చెయ్యి పట్టుకుంటాడని, వదలడని, వెనక నుంచి భుజాల మీదికి వాలిపోతాడని. ఆ కాగితం ధనలక్ష్మే తీసుకెళ్ళి ప్రిన్సిపాల్‌కి ఇచ్చింది.

మేడమ్ కుర్చీ వేయించింది. టీ తెప్పించింది.

"మేం చూసుకుంటాం. మీరు మాత్రం బయట అనకండి. ఆడపిల్లల విషయం," అంది.

ధనలక్ష్మి అనలేదు. మొగుడి దగ్గర కూడా నోరు విప్పలేదు.

పది రోజుల్లో సార్ మారిపోయాడు. మేడమ్ చల్లగా ఉండాలని ధనలక్ష్మి కనకమహాలక్ష్మికి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

అంత మంచి మేడమ్‌కి ఈ ఆయా సంగతి తెలియకపోవడమేమిటి? ధనలక్ష్మి ఆ మధ్యాహ్నమే తడిసిన రికార్డు పట్టుకుని స్కూలుకి వెళ్ళింది.

ఈసారి టీ వచ్చేలోపే పని అయిపోయింది. తాయారుని పిలిపించారు, రేపట్నుంచి రావద్దన్నారు.

తాయారు సముద్రం ఒడ్డున జాలారిపేట మనిషి. మామూలుగా ఆమె ఒక మాటంటే గేటు దాకా వినబడుతుంది. అలాంటిది నోరెత్తలేదు. ధనలక్ష్మి వంక ఒకసారి చూసి, బకెట్టు బోర్లించి వెళ్ళిపోయింది.

"చెప్పడం తెలియాలే గానీ ఐదు నిమిషాల పని!" అని సాయంత్రం ధనలక్ష్మి కూతురి ముందు గొప్పలు పోతుండగా తలుపు చప్పుడైంది.

గుమ్మంలో తాయారు.

ధనలక్ష్మి కొంగు బిగించింది. "చూడు తాయారమ్మా, గొడవకొచ్చావో..."

"ముందు మంచినీల్లియ్యి తల్లీ. తాగినాక తిడుదువు గాని. మూడు సందులు తిరిగినాను నీ ఇల్లు దొరక్క."

జ్యోతి నవ్వాపుకుంటూ చెంబు తెచ్చింది. తాయారు గటగటా తాగి, మూతి తుడుచుకుంది.

"ఉజ్జోగం మాటైతే నన్నడక్కు. మేడమ్‌ని అడుక్కో," అంది ధనలక్ష్మి.

"ఉజ్జోగానికి రానేదమ్మా. రేపు నాలుగో పీరియడుకి పాపని పంపకు. ఆ కాయితం రాసిన మిగతా పిల్లల అమ్మలకీ నువ్వే సెప్పు. ఆల్ల ఇల్లు నాకు తెల్దు."

"ఏం? సార్‌ని మేడమ్ ఎప్పుడో దారిలో పెట్టింది కదా!"

"ఏ మేడమ్? మీ కాయితం ఇచ్చిన్నాటి నుంచీ సొరుగులోనే ఉంది. ఆ బల్ల తుడిసీదాన్ని, నాకు తెల్దేటి? ఆయనకి ఎవులూ ఏటీ అన్నేదు."

లోపల కుక్కర్ కూత వేసింది.

"మరి... ఇప్పుడేటి సేద్దాం?" ధనలక్ష్మి నోట పుట్టింటి మాట వచ్చేసింది.

"నానైతే పోలీస్ టేసన్‌కెల్తన్నాను. కల్లారా సూసిందంతా సెప్తాను. ఇన్నాల్లూ ఉజ్జోగం పోద్దేటోనని బయం. ఇయాల నువ్వే తీయించీసావు కదా, ఆ బయమూ ఒదిలిపోయింది!" తాయారు పెద్దగా నవ్వింది. ఆ గొంతు ఈసారి వీధి చివరిదాకా వినబడింది.

ధనలక్ష్మికి నవ్వు రాలేదు. ఇంకా ఏదో లెక్క కుదరడం లేదు.

"ఉండుండు. సరిగ్గా ఆ పీరియడులోనే, ఆ గదికే నీకు డ్యూటీ వేసిందెవరు?"

"నాకెవులేత్తారమ్మా? నా డూటీ కింద ఎల్కేజీ గదులు. మేడ మీదకి ఆ బకెట్టు నానే మోసుకెల్లీదాన్ని."

జ్యోతి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

ధనలక్ష్మి లోపలికెళ్ళి స్టవ్ కట్టేసింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, స్టేషన్‌కి వెళ్ళడానికి తాయారు కంటే ముందే గడప దిగింది.