మోర్వాన్ కొట్టాడు

గ్లాసు నేల మీద పడి భళ్లున పగిలింది.

"మోర్వాన్ కొట్టాడ్రోయ్" అని బారంతా ఒక్క గొంతుతో అరిచి విరగబడి నవ్వింది.

గ్లాసు జార్చింది జిల్దా. నడిసముద్రంలో తుఫాను వచ్చినా జంకని జాలరి, ఆ మాటకు మాత్రం ముఖం ఎర్రబడి తల గోక్కున్నాడు.

కౌంటర్ వెనకాల అర్మెల్ కూడా నవ్వింది. ఇవాళ బారంతా పగలగొట్టినా ఆమెకు కోపం రాదు. వీధి అవతల ఉన్న ఫుట్‌బాల్ మైదానానికి ఇంకాసేపట్లో ఆమె భర్త ఎర్వే తాంగీ పేరు పెట్టబోతున్నారు. ఊరి జట్టుకు ఏళ్ల తరబడి కెప్టెన్‌గా ఉన్న ఎర్వే ఈ వసంతంలోనే కన్నుమూశాడు.

కౌంటర్ చివర కాఫీ తాగుతున్న ముసలాయన ఒక్కడే నవ్వలేదు. ఊరికి కొత్త. ఇందాకే బస్సు దిగి, ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. ఇప్పుడు కష్టం మీద వంగి గాజు పెంకులు ఏరసాగాడు.

"మీకెందుకండీ ఆ పని, చెయ్యి కోసుకుపోతుంది" అంది అర్మెల్.

"పర్వాలేదమ్మా. ఇంతకీ వీళ్లు అరిచిందేమిటి?"

ఆ కథ చెప్పమంటే అర్మెల్‌కు ఎక్కడలేని హుషారు.

ఎన్నో ఏళ్ల కిందట, సార్డీన్ చేపలు డబ్బాల్లో నింపుకుని బతికే ఈ చిన్న ఊరి జట్టు, పెద్ద పెద్ద నగరాలను ఓడించుకుంటూ కప్పు సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఆట సమానమైంది. పెనాల్టీలు వచ్చాయి. చివరిది మోర్వాన్ తన్నాడు. బంతి గోలు మీదుగా లేచిపోయి ఎక్కడో జనంలో పడింది. దాంతో ఊరి ఆశంతా గంగలో కలిసింది.

"మిడ్‌ఫీల్డర్ అంటే వాడేనట. అడిగినవాడికి అడిగిన చోట బంతి పెట్టేవాడట. ఏం లాభం? అసలు వేళకు ముంచాడు" అంది.

ఆ తర్వాత సొంత మైదానంలోనే మోర్వాన్ కాలికి బంతి తగిలితే చాలు, జనం ఈలలేసి గోల చేసేవారు. రొట్టెల కొట్లో అతని పెళ్లాన్ని పలకరించే దిక్కు లేకుండా పోయింది. చివరికి దక్షిణాదికి పోయి, చిన్నాచితకా జట్లకు ఆడి, మోకాలు పోగొట్టుకుని, బడి బస్సు తోలుకున్నాడని చెప్పుకున్నారు. అదంతా అర్మెల్ వేరుశనగలు నములుతూ చెప్పింది.

"అప్పట్నుంచి ఇక్కడ ఎవరేం చెడగొట్టినా మోర్వాన్ కొట్టాడంటాం. ఆ మాట పుట్టింది ఈ బార్లోనే. మా ఆయన పుట్టించిందే."

"ఎర్వేనా?"

"ఆయన కాక ఇంకెవరు? గ్లాసు పగిలితే ముందు అరిచేది ఆయనే."

ముసలాయన చివరి పెంకు కూడా ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు.

"మోర్వాన్‌ని నేనేనమ్మా" అన్నాడు.

బారంతా అతని వైపు తిరిగింది. తేరుకున్న జిల్దా, "పెంకులు చూసి వెయ్యి తాతా, చెత్తబుట్ట మీదుగా పోతాయేమో" అన్నాడు. మళ్లీ నవ్వులు.

ఈసారి అర్మెల్ నవ్వలేదు. మనిషిని ఎదురుగా పెట్టుకుని అతని బతుకునే ఎగతాళిగా చెప్పింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గు దిగమింగలేక, దాన్ని కోపం చేసుకుంది. ఎందుకొచ్చారని అడిగింది.

ఎర్వే రమ్మన్నాడని చెప్పాడు మోర్వాన్.

"పోయినవాళ్ల మీద ఏదైనా చెప్పొచ్చు, లేచొచ్చి కాదంటారా? ఇవాళ మా ఆయన రోజు. మీరు కనిపిస్తే జనానికి ఆ ఓటమే గుర్తొస్తుంది. దయచేసి వెళ్లిపోండి."

అతను నోరు విప్పి ఒక్క మాట అనుంటే ఆమెకు ఎంతో తేలికగా ఉండేది. అతను మాత్రం పెంకులు బుట్టలో వేసి, కాఫీ కప్పు ఆమె ముందుకు జరిపి, కాఫీ బాగుందని చెప్పి వెళ్లిపోయాడు. మైదానం గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, ముసుగు వేసిన బోర్డు వంక చూసి, బస్టాపు వైపు తిరిగాడు.

ఛీ, మన చెత్త ఎత్తినవాణ్ణే బయటికి గెంటానే అని అర్మెల్ మనసు పీకింది. ఎర్వే కోసమే కదా అని సర్దిచెప్పుకుంది.

అంతలో పాత కోచ్ కొరాంటాన్‌ను కూతురు చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది. వస్తూనే ఆయన అడిగింది ఒకటే, మోర్వాన్ వచ్చాడా అని.

జరిగింది తల దించుకుని చెప్పింది అర్మెల్.

కొరాంటాన్ కళ్లు మూసుకున్నాడు. ఆస్పత్రి మంచం మీంచి మోర్వాన్‌కు ఫోన్ చేసింది ఎర్వేనేనన్నాడు. ఈ వేడుక అప్పటికే ఖాయమైంది కాబట్టి, ఆ రోజున ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఊరికి ఒక మాట చెప్పాలనుకున్నారట. ముందు పెళ్లానికి చెప్పుకుంటానని కూడా ఎర్వే అన్నాడట.

"చెప్పలేకపోయాడన్నమాట. మళ్లీ ధైర్యం చాల్లేదు" అన్నాడు.

మళ్లీ అంటే ఏమిటో అడగబోయింది. బయట బస్సు హారన్ మోగింది. ఆమె గుమ్మంలోకి పరుగెత్తేసరికి అది రేవు మలుపు తిరిగిపోయింది.

వెనకాల ఇంకో గ్లాసు పగిలింది. "మోర్వాన్ కొట్టాడ్రోయ్" అని బారంతా అరిచింది.

ఆ గోల అణిగేదాకా ఆగి, కొరాంటాన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరికీ చెప్పనని మోర్వాన్‌కు మాటిచ్చి ఇన్నాళ్లూ నోరు కట్టుకున్నానమ్మా. ఆ చివరి పెనాల్టీ మీ ఆయన తన్నాల్సింది. భయంతో కాళ్లు వణికి ఆయన గడ్డిలో కూలబడిపోతే, పిక్క పట్టేసి నిలబడలేనివాడు మోర్వాన్, 'నువ్వు కూర్చో ఎర్వే' అని కుంటుకుంటూ వెళ్లి తన్నాడు."