నాలుగో ప్రోగ్రాం

ఆ హాల్లో ఆరు కంప్యూటర్లు. వాటిలో తెరుచుకునేవి మూడే ప్రోగ్రాములు: టైపింగు, లెక్కలు, కుట్టు డిజైన్లు. ఇంకేది నొక్కినా "అనుమతి లేదు" అని వస్తుంది.

ఆ జాబితా పెద్దక్కది. అక్కడుండే పాతికమంది ఆడవాళ్లూ ఆవిణ్ని అలాగే పిలుస్తారు. నడుముకి తాళాల గుత్తి, ముఖాన నవ్వు మచ్చుకైనా లేదు. వచ్చిన రోజే అందరి ఫోన్లూ తీసుకుని బీరువాలో పెట్టేస్తుంది. కిటికీ అద్దాలకు తెల్లరంగు పూయించింది. గేటుకు పట్టపగలు కూడా తాళమే.

కంప్యూటర్లు చూసుకోవడానికి కొత్తగా వచ్చిన టెక్నీషియన్‌కి ఇదంతా చూస్తే ఒళ్లు మండింది. శిక్షణ కేంద్రమన్నారు, జైలే నయం అనుకున్నాడు.

మూడో కంప్యూటర్ దగ్గర కూర్చునే ఆవిడ ఒంటిచేత్తో టైపు చేస్తుంది. ఎడమ మణికట్టు వంగదు. పుట్టుకతోనే అంతేమో అనుకున్నాడు. నాలుగు రోజులు తటపటాయించి, ఐదోరోజు ఆవిడ నోరు విప్పింది.

"తమ్ముడూ, బొమ్మలు గీసే ప్రోగ్రాం ఒకటుంది. మా పాప అక్కడ గీస్తే ఇక్కడ కనబడుతుంది. ఏడేళ్లది. దాన్ని చూసి మూడు నెలలైంది."

పాప వాళ్ల నాన్న దగ్గరుందట. పెద్దక్కని అడిగితే కుదరదని ఒక్క ముక్కలో తేల్చేసిందట.

పెద్దక్క బజారుకెళ్లినప్పుడు జాబితాలో నాలుగో పేరు చేర్చాడు. ప్రోగ్రాం తెరుచుకుంటూనే మైకు, లొకేషన్ అంటూ ఏవేవో అనుమతులు అడిగింది. అన్నిటికీ "సరే" నొక్కేశాడు. అవన్నీ ఎవరు చదువుతారు గనక.

ఆవిడ ఒక పువ్వు గీసింది. కాసేపటికి అవతలి నుంచి పిల్లి వచ్చింది, మూడు కాళ్లతో.

"నాలుగో కాలు దానికెప్పుడూ గుర్తుండదు" అని ఆవిడ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మంచిపనే చేశాననుకున్నాడు అతను.

మర్నాడు మధ్యాహ్నం తెరమీద గీత గీతగా ఒక ఇల్లు వచ్చింది. ముందు పచ్చ గేటు. గేటు పక్కన ఓ వైపుకి ఒరిగిపోయిన కరెంటు స్తంభం. రోజూ అతను సైకిలు ఆనించేది ఆ స్తంభానికే.

"అక్కా, ఈ గేటు ఎలా ఉంటుందో పాపకి చెప్పారా?"

లేదన్నట్టు ఆవిడ తలూపింది. ఈలోగా గేటు ముందు ఒక చిన్నపిల్ల బొమ్మ వచ్చింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పొడుగాటి మనిషి.

ఆవిడ ఎడమ మణికట్టును గుండెకి అదుముకుని గోడకు అతుక్కుపోయింది. వెనక నుంచి పెద్దక్క తెర చూసింది. అందర్నీ లోపలి గదిలోకి పంపించి, తను వెళ్లి గేటుకి అడ్డంగా నిలబడింది.

పాతికమంది ఆడవాళ్లు మొగుళ్ల కంటబడకుండా తలదాచుకున్న ఆ ఇంటి గేటుకి తాళం మొదట్నుంచీ లోపలివైపే ఉంది.