నిపుణుడు-14

ఫిర్యాదు తెర మీదకి రాగానే ఆమె కస్టమర్ పేరు చదివింది, చిరునామా చదివింది, కుర్చీలో కాస్త వెనక్కి జరిగింది.

“కొత్త కంప్యూటర్ కొని పది రోజులైంది. ఒక్క పేజీ తెరుచుకునేలోపు గడ్డం పెరిగిపోతోంది. రేపు పదింటికి దీని మీదే ఉద్యోగం ఇంటర్వ్యూ. మీ కంపెనీలో పని తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?”

ఆ ఇంటి నుంచి వారంలో ఇది మూడో ఫిర్యాదు. మొదటి రెండుసార్లూ వేరేవాళ్ళు “ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి” అని చెప్పి చేతులు దులుపుకున్నారు. పక్క సీటు అమ్మాయికి పంపించేద్దామా అని ఆమె ఒక్క క్షణం అనుకుంది. ఆ అమ్మాయి అప్పటికే ఇద్దరు కస్టమర్లతో వేగలేక జుట్టు పీక్కుంటోంది.

ఈ ఇంటర్నెట్ కంపెనీ హెల్ప్‌లైన్‌లో ఆమె చేరి ఆరు నెలలైంది. ఆమె విభాగంలో మాటల్లేవు, అంతా టైపింగే. ఇంట్లోవాళ్ళ లెక్కలో అది ‘ఏదో ఆఫీసులో టైపింగ్ పని’. కస్టమర్లకి ఆమె పేరు కనిపించదు. ‘నిపుణుడు-14’ అని కనిపిస్తుంది. ఆ పేరు పెట్టిన రోజున ఆఫీసులో ఆడవాళ్ళు లేరట.

ఒక్కో ఫిర్యాదుకి పన్నెండు నిమిషాలు. దాటితే తెర మూలనున్న గడియారం ఎర్రబడుతుంది. ఈ నెలలో అది రెండుసార్లు ఎర్రబడింది. మూడోసారి అయితే సంజాయిషీ రాసివ్వాలి.

“నమస్కారం సార్. నేను చూస్తాను.”

“చూడండి సార్. మీ ముందువాళ్ళూ చూశారు.”

లైను పరీక్షించింది. వీధి దాకా శుభ్రంగా ఉంది. ఇంట్లోకి అడుగుపెట్టాకే నీరసపడుతోంది.

“మా వైఫై పెట్టె బీరువా వెనక ఉందా సార్?”

“ఉంది! మీకెలా తెలిసింది?”

“చాలామంది అక్కడే పెడతారు సార్. ఇనప బీరువా అడ్డుంటే సిగ్నల్ రాదు. తెచ్చి బల్ల మీద పెట్టండి.”

“మా ఇంట్లో కూడా ఈ మాటే అన్నారు. ఇంట్లోవాళ్ళకేం తెలుస్తుందిలే అని ఊరుకున్నాను. మీరు చెప్పారు కాబట్టి మారుస్తున్నాను.”

ఆమె పళ్ళు నూరుకుంది. “చాలా సంతోషం సార్” అని కొట్టింది.

పెట్టె మారింది. పేజీ కాస్త కదిలి మళ్ళీ మొరాయించింది. కంప్యూటర్లో ఏమేం ప్రోగ్రాములున్నాయో రాసి పంపమంటే, షాపువాడు వేసిచ్చిన వైరస్ కాపలా ప్రోగ్రాములు రెండున్నాయి. ఒకదాన్నొకటి దొంగనుకుని తనిఖీ చేసుకుంటున్నాయి. ఒకదాన్ని తీయించింది.

గడియారం ఎర్రబడింది.

టీమ్ లీడర్ వచ్చి వెనకాల నిలబడ్డాడు. “ఏంటండీ ఇది? ఇంకా ఎనిమిది మంది వరసలో ఉన్నారు. టెక్నీషియన్‌ని పంపిస్తామని చెప్పి వదిలించుకోండి.”

“టెక్నీషియన్ వెళ్ళడానికి మూడు రోజులు పడుతుంది సార్. ఈయనకి రేపే ఇంటర్వ్యూ.”

“ఆయన ఇంటర్వ్యూకీ మనకీ ఏంటండీ సంబంధం?”

ఆమె తల తిప్పకుండా టైపు చేసింది.

“కంప్యూటర్లో వెనకాల ఇంకేం నడుస్తున్నాయో చూడండి సార్.”

రెండు నిమిషాల తర్వాత జవాబొచ్చింది. “పాత కంప్యూటర్లోంచి తెచ్చిన ఫొటోలన్నీ ఆన్‌లైన్లోకి ఎక్కుతున్నాయి. పదకొండు వేలు. ఇరవై ఏళ్ళవి. తీసిపారెయ్యనా?”

“వద్దు! తీయొద్దు!” ఆమె వేళ్ళు ఎప్పుడూ లేనంత వేగంగా పరిగెత్తాయి. తర్వాత నెమ్మదించాయి. “ఎక్కించడం ఆపండి సార్, చాలు. రేపు ఇంటర్వ్యూ అయ్యాక మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు.”

ఆపాడు.

“పరిగెడుతోంది సార్! నొక్కడమే ఆలస్యం!”

గడియారం నలభై ఒక్క నిమిషాలు చూపిస్తోంది. ఆమె ముగించబోయింది. ఇంతలో ఇంకో వాక్యం వచ్చింది.

“ఒక్క మాట సార్. ఎనిమిది నెలలుగా ఉద్యోగం లేదు. ఇంట్లో నవ్వుతూ తిరుగుతున్నాను గానీ, రేపటి సంగతి తలుచుకుంటే కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఇంట్లో చెప్తే బెంబేలెత్తిపోతారు. మీరు పరాయివాళ్ళు కాబట్టి చెప్పాను.”

ఆమె ఏదో మొదలుపెట్టి చెరిపేసింది. మళ్ళీ మొదలుపెట్టింది.

“రేపు గబగబా మాట్లాడకండి సార్. ఒక గుక్క మంచినీళ్ళు తాగి మొదలుపెట్టండి. ఇంట్లో కూడా చెప్పి చూడండి. మీరనుకున్నంత పిరికివాళ్ళు కాకపోవచ్చు.”

“మీరు దేవుడు సార్” అని రాసి, అయిదుకి అయిదు నక్షత్రాలిచ్చి వెళ్ళిపోయాడు.

టీమ్ లీడర్ సంజాయిషీ కాగితం బల్ల మీద పెట్టాడు. ‘ఆలస్యానికి కారణం’ అన్న చోట ఆమె ‘కస్టమర్ మొండివాడు’ అని రాసింది. కొట్టేసింది. ‘సమస్య మొండిది’ అని రాసి సంతకం పెట్టింది. బ్యాగు భుజాన వేసుకుని, కళ్ళు తుడుచుకుని, బస్సెక్కింది.

ఆరుంపావుకి ఆమె తన ఇంటి కాలింగ్ బెల్ నొక్కగానే తలుపు తీసిన ఆ కస్టమరు, బల్ల మీది పెట్టెని గర్వంగా చూపిస్తూ, “ఏమోయ్, చూశావా, పని తెలిసిన మగాడు చెప్తే ఎంత తేలిగ్గా అయిపోయిందో!” అన్నాడు.