పరదా చాటు పాఠం

పరదా కింద నాలుగు వేళ్ల సందు ఉంది. ఆ సందులోంచి బక్కమ్మకు సారు పాదాలు మాత్రమే కనిపిస్తాయి. పగుళ్లు తేలిన పాదాలు, చీలమండల దాకా దుమ్ము. వాటిని చూసినప్పుడల్లా ఆమె ప్రాణం ఉసూరుమంటుంది. అంత చదువుకున్న మనిషి ఎర్రటి ఎండలో నడిచి వస్తున్నది ఎవరి కోసం? వకీలు సాబు కూతురు ఖుద్సియా బీబీ కోసం. పరదా వెనక కూర్చున్నది మాత్రం ఆ ఇంట్లో గిన్నెలు తోమే బక్కమ్మ.

సంగతేమిటంటే, సంగారెడ్డిలో కొత్తగా ఒక విద్యాపీఠం పెట్టారు. పేరు గంభీరమే గానీ విద్యార్థులు పదకొండు మందే. అందుకే అక్కడి ప్రిన్సిపాలు ఒక పట్టు పట్టాడు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాలి, రాలేని వాళ్ల ఇంటికి మనమే పోవాలి అన్నాడు. తెలుగు వాళ్లందరికీ కలిపి కొత్త రాష్ట్రం వచ్చి ఏడాది అయింది. రేపు కచేరీల్లో తెలుగే నడుస్తుందని వకీలు సాబు కూతుర్ని అందులో చేర్పించాడు. గోషా పిల్ల కాబట్టి పాఠం ఇంట్లోనే, ఆయన కోర్టుకు పోయాక, పరదా చాటున.

ఖుద్సియాకు వీధి తెలుగు వచ్చు, పుస్తకాల తెలుగంటే తలనొప్పి. మొదటి రోజే బక్కమ్మను పట్టుకుంది.

“నీది తెలుగే గదా. నువ్వే కూసో. సారు ఏమన్నా ‘జీ’ అను, సరిపాయె.”

తను వెనక గదిలో ఉర్దూ నవల పట్టుకుని పడుకుంది. కాపలాగా గుమ్మం దగ్గర కూర్చునేది నాయనమ్మ అనీస్ బేగం. ఆ పెద్దావిడకు చూపు ఆనదు, తెలుగు రాదు. ఇంకేం, నాటకం నాలుగు నెలలు నడిచింది.

బక్కమ్మ ‘జీ’ అని ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. పదో రోజుకల్లా గురువూ లఘువూ వేళ్ల మీద లెక్కపెడుతూ గిన్నెలు తోముతోంది. పద్యం రెండుసార్లు వింటే పట్టేస్తోంది. లక్డారంలో పుట్టి, బడి ముఖం చూడకుండా ముప్పై ఏళ్లు వచ్చిన మనిషికి ఇదేం పిచ్చో మరి.

సారు సంబరపడేవాడు.

“మా కాలేజీల గింత జల్దీ ఎవ్వరు పట్టలే బీబీ,” అనేవాడు.

ఆ మాటకు బక్కమ్మ మొహం వేడెక్కేది. ఖుద్సియాకు రావాల్సిన పాఠాన్ని తను దొంగిలిస్తున్నట్టే అనిపించేది. ఆ రాత్రి అన్నం సయించేది కాదు.

ఆ సారు కూడా వింత మనిషే. రాగానే కుర్చీ దులిపిన చప్పుడవుతుంది. అనీస్ బేగం “బైఠో” అనేదాకా పాదాలు నిలబడే ఉంటాయి. పుస్తకం పేజీ తిప్పిన అలికిడి ఒక్కనాడూ వినలేదు. అంతా నోటికే. పాఠం చెబుతున్నంతసేపూ అచ్చం పుస్తకంలా మాట్లాడతాడు, ముగించగానే బక్కమ్మ ఊరి మనిషిలా మాట్లాడతాడు. కాలేజీలో ఎవరికి జ్వరమో, ఎవరు పొద్దున తినకుండా వచ్చారో అన్నీ ఆయనకు తెలుసు. ఒకసారి ఆమె దగ్గడం విని, మర్నాడు పరదా కిందుగా మిరియాల పొట్లం తోశాడు. ఆ పొట్లం పట్టుకుని బక్కమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

చూస్తుండగానే పరీక్ష పదిహేను రోజుల్లోకి వచ్చింది. రాయాల్సింది ఖుద్సియా. ఆమెకు ఒక్క ముక్క రాదు. ఫెయిలైతే వకీలు సాబు కూతుర్ని ఏమీ అనడు, చెప్పిన సారునే అంటాడు. నాలుగు నెలలు ఎండలో నడిచినందుకు ఆయనకు దక్కేది చెడ్డపేరు.

చెప్పేద్దామంటే తన కొలువు పోతుంది. పాఠమూ పోతుంది. కొలువు కంటే పాఠం పోతుందన్న బెంగే ఎక్కువగా ఉన్నందుకు ఆమెకు మరింత సిగ్గేసింది.

ఆ రోజు సారు పాఠం ముగించి లేచాడు.

“మంచిగ రాయుండ్రి బీబీ. మీరు పాసైతే చాలు, నాకింకేం వద్దు.”

బక్కమ్మ ఇక ఓపలేకపోయింది.

“సారూ, జెర ఆగుండ్రి.”

పాదాలు ఆగాయి.

“నేను ఖుద్సియా బీబీని కాను. ఈ ఇంట్ల గిన్నెలు తోమే బక్కమ్మను. బీబీ ఒక్కనాడు సుత ఈడ కూసోలే. నాకు అక్షరం ముక్క రాదు సారూ. ఇంటుంటే ఇనబుద్దయింది, గట్లనే కూసున్న. మీ కష్టమంత బూడిదల పోసిన. నన్ను ఏమన్న అనుండ్రి. గని వకీలు సాబుకు ఇయ్యాల్నే చెప్పుకోండ్రి, మీ పేరు ఖరాబు కావొద్దు.”

గుమ్మం దగ్గర అనీస్ బేగం వక్కలు కత్తిరిస్తూనే ఉంది. బక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన కేకలేస్తాడు, ఇల్లంతా పోగవుతుంది, సాయంత్రానికి తన మూట వీధిలో పడుతుంది అనుకుంది. పడితే పడనీ, ఇన్నాళ్లకు గుండె మీది బరువు దిగింది.

పాదాలు పరదాకు ఒక అడుగు దగ్గరికి జరిగాయి.

“నాకు సుత అక్షరం రాదు బక్కమ్మా,” అన్నాడాయన గొంతు తగ్గించి, “అసలు సారు మొదట్లనే మంచాన పడితే ఆయన బదులొచ్చిన కాలేజీ చప్రాసీని నేను, క్లాసు తలుపవతల నిలవడి ఇన్నదే నీకు చెప్పిన.”